గుప్పిట్లో గార్నెట్

ఆ రోజుల్లో ఓడిపోవడమంటే ఏమిటో నాకు తెలియదు. నాతో వాదనకు దిగినవాళ్ళు విసుగెత్తి వదిలేసేవాళ్ళు, నేను దాన్నే గెలుపనుకునేదాన్ని. తొంభైల్లో తిరుపతిలో జియాలజీ చదివేటప్పుడు మా రాళ్ళ సారు (మేం పెట్టుకున్న పేరే) గార్నెట్లు, అంటే ముదురెరుపు స్ఫటికాలు, ఏరడానికి పలమనేరు వైపు గుట్టలకు మగపిల్లలను మాత్రమే తీసుకెళ్ళేవారు. వారం పాటు వాదించి ఆడపిల్లలందరినీ బస్సెక్కించాను. "సరేమ్మా. మీలో ఒక్కదానికి దెబ్బ తగిలినా వచ్చే ఏడు ఆడపిల్లోళ్ళెవురూ రారు, సూడు" అన్నారాయన.

గుట్ట మీద అన్నిటికన్నా మంచి స్ఫటికం నా కంటనే పడింది, ఎవరో కూర్చుని సానపట్టినంత నున్నగా. "తప్పుకో మే, నేను కొడతా" అన్న క్లాసు పిల్లాణ్ణి "ఏం, సుత్తికి మీసాలుండాయా?" అని తరిమేసి, ఉలి ఆనించి నేనే కొట్టాను. స్ఫటికం చెక్కుచెదరకుండా ఊడొచ్చింది. దెబ్బ నా ఎడమచేతి చిటికెన వేలి మీద పడింది. కిక్కురుమనకుండా ఆ చేత్తోనే స్ఫటికాన్ని పట్టేశాను. స్ఫటికం మీద బిగుసుకుపోయిన ఆ చేతిని చున్నీలో దాచి బస్సెక్కాను.

చిత్తూరు వచ్చేసరికి వేళ్ళు వాచి గుప్పిట తెరుచుకోనంది. సరిగ్గా అప్పుడే సారు రాళ్ళు అడుగుతూ వచ్చారు.

"ఆ మంచిది యాడమ్మా? కాలేజీ బీరువాలో పెట్టాల."

"ఇవ్వను సార్. కనుక్కున్నవాళ్ళకు హక్కు లేదా?"

బస్సంతా నన్ను దొంగను చూసినట్టు చూసింది. (దొంగనైనా ఫర్వాలేదు, దెబ్బ తగిలిన ఆడపిల్లను కాకూడదు.) నా హక్కుల ఉపన్యాసం రసపట్టులో ఉండగా బస్సు గుంతలో పడింది. నేను "అమ్మా!" అని పెట్టిన కేకకు డ్రైవరు బ్రేకు వేశాడు.

సారు చున్నీ తీసి చూశారు. వెంటనే బస్సును పుత్తూరు వైపు తిప్పించారు. రాబోయే ఆడపిల్లల దారి నేనే మూసేశానని దారంతా నేను తలెత్తలేదు.

ఎముకలకు కట్టు కట్టే పెద్దాయన సారును చూడగానే నవ్వాడు. "రా సారూ! ఇంకా రాలేదే అనుకుంటా ఉండా. పోయినేడు ముగ్గురు మగపిల్లోళ్ళను తెచ్చినావు, ఈసారి ఒక్కతేనా?"

నేను సారు వైపు చూశాను. ఆయన గోడ మీది క్యాలెండరు శ్రద్ధగా చదువుతున్నారు. అంత మంచి వాదన నాకు జీవితంలో మళ్ళీ దొరకలేదు. నోరు తెరిచాను. పెద్దాయన గుప్పిట విప్పి, స్ఫటికాన్ని సారు చేతిలో పెట్టి, వేలు పట్టి లాగాడు. ఆ ఏడుపులో మాటలన్నీ కొట్టుకుపోయాయి, సారు చొక్కాకే ముక్కు కూడా తుడుచుకున్నాను.

మరుసటేడు ఆడపిల్లలు ఏ గొడవా లేకుండా బస్సెక్కారు. చొక్కా సంగతి సారు ఎవరికీ చెప్పలేదు. ఇన్నేళ్ళకు నేనే చెబుతున్నాను, ఆ వాగుడుకాయ పిల్లను తలుచుకుని నవ్వుకుంటూ, తల మాత్రం దించుకునే.