రెయిన్‌కోటు ఆరేసిన గొట్టం

మొన్న అమలాపురంలో నా పరువు నేనే ఎలా తీసుకున్నానో చెప్తాను, నవ్వకూడదు మరి!

మా చెల్లి సత్యవతి తెలుసు కదా, బండారులంకలో చేతి మిషను మీద జాకెట్లు కుడుతుంది. చిన్నప్పుడే పోలియో వచ్చి కాళ్ళు పడిపోయేయి. చేత్తో తిప్పుకునే మూడు చక్రాల బండి మీదే తిరుగుతుంది. ఆ బండి గొలుసు రోజూ ఊడిపోతోందని, గవర్నమెంటు ఇచ్చే కొత్త బండి కోసం అర్జీ పెట్టుకుంది. అమలాపురం ఆఫీసులో ఫొటో దిగడానికి మొన్నే ఆఖరి రోజు. దిగకపోతే బండి ఇంకొకరికి వెళ్ళిపోతుంది.

"నువ్వు ముందెళ్ళి ఆఫీసరుగారు ఉన్నారో లేదో చూడు అన్నయ్యా. నేను మెల్లిగా వస్తాను" అంది. స్కూటరేసుకుని వెళ్ళేను. సన్నగా చినుకులు.

ఆఫీసు పక్కకి తిరిగేసరికి కొత్త సిమెంటు వాలు కనిపించింది. మనం ఇంటి ముందు బండి అరుగు మీదకి ఎక్కించుకోడానికి కట్టుకుంటాం చూడండి, అచ్చం అలాంటిదే. పైన రేకుల నీడ కూడా! స్కూటర్ల వాళ్ళ కష్టం గవర్నమెంటుకి ఇన్నాళ్ళకి తెలిసింది అనుకుని, ర్రుమ్మని ఎక్కించి స్టాండేసేను. ఒక్కటే అర్థం కాలేదు. వాలు పక్కన పొడుగ్గా ఇనప గొట్టం ఉంది. స్కూటరుకి గొట్టమెందుకు? నాకేమో ఏదైనా సంగతి తేలకపోతే అన్నం సయించదు. పట్టుకుని ఊపి చూసేను. గట్టిగానే ఉంది. ఓహో, తడిసిన కోటు ఆరేసుకోడానికి! ఎంత ముందుచూపండీ! నా రెయిన్‌కోటు ఆరేసేను. నన్ను చూసి ఇంకొకాయన కూడా బండి ఎక్కించేడు.

ఇంతలో సత్యవతి ముందు మెట్ల దగ్గరికి వచ్చి ఆగిపోయింది. తల మీద కొంగు తడిసి ముద్దయిపోయింది. ఎత్తుకుని తీసుకెళ్తానంటే, "నలుగురిలో వద్దు అన్నయ్యా" అంది.

లోపలికెళ్ళి ఆఫీసరమ్మగారి మీద విరుచుకుపడ్డాను. "ఏమండీ! మా చెల్లి చక్రాల బండి మీద మెట్ల దగ్గరే తడిసిపోతోంది! వికలాంగులకి దారి ఉండాలని పేపర్లో రాసేరు కదా! అది ప్రభుత్వం బాధ్యత కాదా? స్కూటర్లకి కడతారు గానీ మనుషులకి కట్టరా?"

"స్కూటర్లకి మేమేం కట్టలేదేవండీ?" అన్నారావిడ, విడ్డూరంగా చూసి.

"రండి, చూపిస్తాను!" అని నేనే ముందు నడిచేను. పక్క గుమ్మంలోంచి వేలు పెట్టి మరీ చూపించేను. "అదిగో!"

ఆవిడ నా స్కూటరు చూసేరు. గొట్టం చూసేరు. "అది మీ చెల్లిగారి కోసమే కట్టిందండి. గొట్టం పట్టుకుని ఎక్కడానికి."

నా అరుపులు విని సత్యవతి అప్పటికే ఆ పక్కకి తిరిగి వచ్చేసింది. గొట్టానికి వేలాడుతున్న నల్లకోటు కేసి చూసింది.

"ఆ ఎర్ర మాసిక నేనేసిందే కదా అన్నయ్యా?"

భూమి చీలితే అందులోకి దూరిపోదామనిపించింది! నా స్కూటరూ, ఆ ఇంకొకాయన స్కూటరూ కిందకి దింపేను. సత్యవతి నా కోటు పక్కకి నెట్టి, ఒక చేత్తో గొట్టం పట్టుకుని, ఇంకో చేత్తో బండి తిప్పుకుంటూ ఎవరి సాయమూ లేకుండా ఎక్కేసింది. నాకు కళ్ళు చెమర్చేయండి, నిజంగా. పైకెళ్ళేక వెనక్కి తిరిగి, "నేను ఫొటో దిగొచ్చేదాకా నువ్వక్కడే ఉండు. మళ్ళీ ఎవరైనా బండి పెట్టేస్తారు" అంది.

చినుకుల్లో కాపలా నిలబడ్డాను. కాసేపటికి ఒకాయన స్కూటరేసుకుని సరాసరి వాలు ఎక్కబోయేడు.

"ఆగండాగండి! ఇది బండ్లకి కాదండీ!" అన్నాను.

"భలేవారే, కోట్లు ఆరేసుకోడానికి గొట్టం కూడా పెట్టేరు కదండీ!" అని నా కోటే చూపించేడు.