చెయ్యి కడగని భోజనం

మా వైపు సంబంధం మాట్లాడడానికి వెళ్ళినవాళ్ళు అవతలివాళ్ళింట్లో చెయ్యి కడగరు. కాఫీ తాగుతారు. గ్లాసు శుభ్రంగా ఉందా లేదా అని ఓరకంట చూస్తారు. పిల్లవాడి ఉద్యోగం దగ్గర్నుంచి వాళ్ళ మేనత్త మోకాళ్ళ నొప్పి దాకా అన్నీ అడుగుతారు. అన్నానికి లేవండి అనగానే మాత్రం అందరికీ బస్సు టైమైపోతుంది. ఇంటి పెద్ద కూర్చుని, తిని, లేచి చెయ్యి కడిగాడంటే సంబంధం ఒప్పుకున్నట్టే. వెంట వచ్చిన ఆడవాళ్ళు తిన్నా తినకపోయినా లెక్కలోకి రాదు. పాకాల దగ్గర మా ఊళ్ళో చాలా పెళ్ళిళ్ళు మా నాయన చెయ్యి కడగడంతోనే ఖాయమయ్యాయి. చెయ్యి కడిగి మాట తప్పినవాళ్ళ ఇంటికి ఆయన మళ్ళీ వెళ్ళడు.

అందుకే, బెంగుళూరు వచ్చి, నేను చేసుకోవాలనుకున్న అతని ఇంటివాళ్ళను కలవడానికి నాయన ఒప్పుకున్నాడని అమ్మ ఫోన్లో చెప్పినప్పుడు నేను మంచం మీది నుంచి ఎగిరి దూకాను. రెండో మాటతో మళ్ళీ కూలబడ్డాను.

"వస్తాడంట. కూసుంటాడంట. సేయి మాత్రం కడగడంట" అంది అమ్మ.

అతనూ నేనూ ఒకే ఆఫీసులో పనిచేస్తున్నాం. అతనిది చిత్తూరు. వాళ్ళ నాన్న మామిడిపళ్ళ గుజ్జు తీసే ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యాడు, వాళ్ళమ్మ నర్సు. ఆదివారం చర్చికి వెళ్తారు. మా నాయనకు అడ్డొచ్చింది ఆ ఆదివారమే. మిగతా ఆరు రోజులూ వాళ్ళు మనలాంటివాళ్ళే కదా అని నేను వాదిస్తే, ఆ ఆరు రోజులకే పెళ్ళి చేసుకుంటావా అని అడిగాడు. ఆయనతో వాదించి గెలిచినవాళ్ళు మా ఇంట్లో లేరు. గెలిచినా గెలిచామని చెప్పుకోలేరు.

రిజిస్టరాఫీసులో సంతకం పెట్టుకునే ధైర్యం నాకుంది. నాయన లేకుండా పెళ్ళిపీట మీద కూర్చునే ధైర్యం లేదు. ఆ మాట అతనికి మొదట్లోనే చెప్పేశాను. కాబట్టి ఆ రోజు ఆ బల్ల దగ్గర నాయన ఏం చేస్తాడన్న దాని మీదే మా ఇద్దరి సంగతీ ఆధారపడి ఉంది.

వాళ్ళింటికి మేం వెళ్ళం, మా ఇంటికి వాళ్ళను రమ్మనం. చిత్తూరు హోటల్లో అయితే ఎవరో ఒక చుట్టం ఎదురొచ్చి, ఏంటి విశేషం అని కుర్చీ లాక్కుని కూర్చుంటాడు. అలా కాకుండా ఎవరిదీ కాని చోట, ఎవరింటిదీ కాని తిండి దగ్గర కలుద్దామన్నాడు అతను. మా ఆఫీసు వెనక వీధిలో ఇటాలియన్ రెస్టారెంటు ఒకటి ఉంది. పెద్ద ఆర్భాటం ఉండదు, జీతం వచ్చిన వారం మేం వెళ్ళే చోటే. శనివారం మధ్యాహ్నానికి బల్ల చెప్పి పెట్టాం.

నాయన కారు తనే నడుపుకుంటూ వచ్చాడు. తెల్ల పంచె, ఇస్త్రీ మడత చెదరని చొక్కా. అమ్మ పెళ్ళిళ్ళకు మాత్రమే తీసే పట్టుచీర కట్టుకుంది. లోపల సగంమంది నిక్కర్లు వేసుకుని ఉన్నారు. ఒకమ్మాయి కుర్చీలో కాళ్ళు పైకి పెట్టుకుని, గిన్నె ఒళ్ళో పెట్టుకుని తింటోంది. నాయన గుమ్మంలోనే ఆగిపోయి, "ఈళ్ళకు ఇంట్లో ఎవురూ లేరా?" అని నన్ను అడిగాడు.

అతని అమ్మానాన్నా లేచి నిలబడి నమస్కారం పెట్టారు. వాళ్ళ నాన్న నాయనను "సార్" అన్నాడు. శనివారం కదా, మేమూ ఈ పూట నీసు ముట్టం అని వాళ్ళమ్మ ముందే చెప్పింది. నాయన మొహంలో ఏదో కదిలింది. వెంటనే దాన్ని అణిచేశాడు.

వెయిటరు బ్రెడ్డు ముక్కల బుట్ట, చిన్న పళ్ళెంలో ఆలివ్ నూనె తెచ్చిపెట్టాడు. అమ్మ ఆ నూనెను వాసన చూసి, దీపానికి పనికొస్తుందని నా చెవిలో చెప్పింది. తర్వాత మెనూ చేతికిచ్చారు. నాయన ఏమీ వద్దంటాడని, దాని మీద పెద్ద రభస అవుతుందని నేను పళ్ళు బిగించి కూర్చున్నాను. ఆయన మెనూ తెరవకుండానే పక్కకు జరిపి, "నాకూ ఏందో ఒకటి సెప్పండి" అన్నాడు.

నేను అమ్మ వైపు చూశాను. అమ్మ నా వైపు చూడలేదు. మెనూలో పిజ్జా బొమ్మ మీద వేలు పెట్టి, ఈ రొట్టె నాకు చెప్పమంది. బయట ఎక్కడికెళ్ళినా నాయన తినేదే తినే మనిషి విడిగా ఒకటి అడగడం నేనెప్పుడూ చూడలేదు.

తిండి వచ్చేలోపు మామిడికాయల మాట వచ్చింది. నాయనవి తోతాపురి తోటలు. లారీలో ఫ్యాక్టరీకి పంపిన కాయను లోపలివాళ్ళు ఎలా ఏరేస్తారో అతని నాన్న చెప్పాడు. నాయన ఒప్పుకోలేదు, బాగున్న కాయనే తోసేస్తారని గట్టిగా అన్నాడు. ఇద్దరూ గొంతులు పెంచారు. నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. పరాయివాళ్ళతో నాయన పోట్లాడడు, నమస్కారం పెట్టి ఊరుకుంటాడు.

వెయిటరు గొట్టాల్లాంటి పాస్తా ప్లేటు ఒకటి తెచ్చి, "పెన్నే" అంటూ సరిగ్గా నాయన ముందు పెట్టాడు. వేలూరు మార్కెట్టుకు కాయలు తోలి తోలి నాయనకు అరవం బాగా వచ్చు. పెణ్ణు అంటే అక్కడ ఆడపిల్ల. ఆయన ప్లేటు వైపు, వెయిటరు వైపు, నా వైపు చూసి, "పిల్ల మాది. తెచ్చి నాకే పెడతాడేంది ఈయన?" అన్నాడు.

అతని నాన్న పొట్ట పట్టుకుని నవ్వాడు. వాళ్ళమ్మ కళ్ళు తుడుచుకుంది. నాయన కూడా మీసం కింద నవ్వాడు. ఆ నవ్వు చల్లారకముందే ఫోర్కు తీసుకున్నాడు.

ఉప్మా కూడా చేత్తోనే తినే మనిషి. కల్యాణమండపంలో చెంచా ఇస్తే, నాకేమన్నా జొరమా అని అడిగే మనిషి. అలాంటివాడు ఎడమచేత్తో ప్లేటు అంచు పట్టుకుని, ఒక్కో ముక్కనూ గుచ్చి, సాస్ మీసానికి అంటకుండా నోట్లో పెట్టుకుంటున్నాడు. మధ్యలో వెయిటరు వచ్చి చీజ్ తురుముతుంటే చాలప్పా అన్నాడు. ప్లేటు ఖాళీ చేశాడు. పక్కన అమ్మ పిజ్జా ముక్కలు చేత్తో తీసుకుని, సాగుతున్న చీజ్‌ను వేలికి చుట్టుకుంటూ నిదానంగా తింటోంది.

మా నాయన వాళ్ళ ఎదుట కూర్చుని తిన్నాడు. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. బల్ల కింద అతను నా చెయ్యి నలిపేశాడు. చిత్తూరు మనుషులే కాబట్టి వాళ్ళకు ఎవరూ విడమరిచి చెప్పాల్సిన పని లేదు. వాళ్ళమ్మ మా అమ్మ భుజం మీద చెయ్యి వేసింది. వాళ్ళ నాన్న కుర్చీ ముందుకు జరుపుకుని, "ఇంకేమన్నా తీపి తింటావా బావా?" అని అడిగాడు. సార్ పోయి బావా వచ్చింది. నాయన దానికి అడ్డు చెప్పలేదు, తీపి వద్దన్నాడు.

ఇటలీ తిండి పెట్టినా ఇది మన దేశమే కాబట్టి, చివర్న గోరువెచ్చటి నీళ్ళ గిన్నెలు నిమ్మచెక్క వేసి తెచ్చారు. వెయిటరు ఒక్కొక్కరి ముందు ఒక్కో గిన్నె పెట్టుకుంటూ వచ్చాడు. నాయన తన గిన్నెను రెండు వేళ్ళతో వెనక్కి తోశాడు.

"నాకొద్దు. నా సేయి అంటు కాలేదు" అన్నాడు. కుడిచెయ్యి తిప్పి అందరికీ చూపించాడు. పొడిగా, శుభ్రంగా ఉంది. "ముండ్ల సెంచాతో తినింది. పిలిసినోళ్ళను అగుమానం సేయకూడదని తినినా. సేయి అయితే నేను కడగల్యా."

వాళ్ళ నాన్న మొహంలోని నవ్వు అలాగే ఉండిపోయి, దాన్ని ఎలా తీసేయాలో ఆయనకు తెలియలేదు. వాళ్ళమ్మ మా అమ్మ భుజం మీది చెయ్యి మెల్లగా తీసేసుకుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. తినను పొమ్మని ఉంటే బాధపడేదాన్ని, అంతే. మనసారా తిని, నవ్వి, బావా అనిపించుకుని, ఇప్పుడు ఇంత మోసమా! నోటికొచ్చినట్టు అడిగేద్దామని కుర్చీ వెనక్కి నెట్టాను.

అమ్మ నా మోకాలి మీద చెయ్యి పెట్టి ఆపింది. ఆ చేతికి టొమాటో సాసూ చీజూ అంటుకుని ఉన్నాయి, నా చుడీదారు పాడైంది. తర్వాత గిన్నెను తన ముందుకు లాక్కుంది. కుడిచెయ్యి మణికట్టు దాకా ముంచింది. ఒక్కో వేలూ రుద్దింది, గోళ్ళ సందులు కూడా. నిమ్మచెక్కతో అరచెయ్యి తోముకుంది. పైకి తీసి, పట్టుచీర కొంగుతో, ఆ పెళ్ళిళ్ళ పట్టుచీర కొంగుతో తుడుచుకుంది.

"నేను కడిగినా" అంది. తర్వాత అతని అమ్మ వైపు తిరిగి, "మంచిరోజు ఎప్పుడుండాదో మీరూ సూడండి, వదినా. మేమూ సూస్తాం" అంది.

మా ఇంట్లో ఏ విషయంలోనూ చివరి మాట అమ్మ నోట నేను వినలేదు. అవతలివాళ్ళ ముందు నాయన మాట తర్వాత ఆమె మాట ఉండనే ఉండదు. నాయన నోరు తెరిచాడు. అమ్మ చేతి వైపు చూశాడు. ఆడవాళ్ళ చెయ్యి లెక్కలోకి రాదని ఇప్పుడు వీళ్ళ ముందు అంటే, చెయ్యి కడిగి మాట తప్పిన ఇల్లు ఇక మాదే అవుతుంది. ఆ సంగతి ఆయన కంటే బాగా ఎవరికీ తెలియదు. నోరు మూసుకుని, తోసేసిన గిన్నె వైపు చూస్తూ కూర్చున్నాడు. అతని నాన్న గ్లాసులో నీళ్ళు పోసి ఇస్తే, తీసుకుని తాగాడు.

ఆ సాయంత్రం అమ్మానాయనలతోనే నేనూ ఊరికి బయల్దేరాను. నాయన బండి నడుపుతున్నాడు, అమ్మ పక్క సీట్లో, నేను వెనక. ములబాగిలు దాటాం. అప్పుడు నాయన రోడ్డు మీది నుంచి చూపు తిప్పకుండా, "ఆ రొట్టె సేత్తో తింటారని తెలిసే అడిగినావు గదా నువ్వు" అన్నాడు.

అమ్మ కిటికీ అద్దం సగం దించుకుంది.

"పొద్దున్నే లేసి, వంటింట్లో నిలబడి సేమియా ఉప్మాను ముండ్ల సెంచాతో గుచ్చి గుచ్చి తినింది నేను సూడల్యా అనుకున్నావా?"