హాజరు కోసం తెచ్చుకున్న పిల్ల

దరియాలతిప్పలో నేను పనిచేసిన ప్రాథమిక పాఠశాలకు రెండు గదులు, ఒక వరండా ఉండేవి. నేను చేరిన కొత్తలో చోటు చాలక కొందరు పిల్లలు వరండాలో కూర్చునేవారు. తర్వాత్తర్వాత ఇంటికి ఒక్క బిడ్డ చాలనుకోవడం మామూలైంది. ఆ ఒక్క బిడ్డకీ మెడలో టై కట్టి, పొద్దున్నే పసుపు వ్యానెక్కించి ఇంగ్లీషు మీడియానికి పంపేవారు. చివరికి మా బడిలో పదకొండు మంది మిగిలారు. ఇంకా తగ్గితే బడి మూసేసి వేరేదాంట్లో కలిపేస్తారని ఆఫీసులో అనుకుంటున్నారు.

ఆ ఏడు బళ్ళు తెరవడానికి ముందు పిల్లల కోసం ఇల్లిల్లూ తిరిగాను. చేపల వేటకెళ్ళేవాళ్ళ ఇంట్లో ఒక చిన్న వయసు తల్లి కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, ఎంతో మర్యాదగా అడిగింది.

"మీ పాప ఏ బళ్ళో సదువుతుందండి మేడమ్‌గారూ?"

మాకూ ఒక్కతే పాప. కాకినాడలో ప్రైవేటు స్కూల్లో చదువుతోంది. "టౌన్లోనమ్మా" అని నసిగాను. ఆవిడ ఖాళీ గ్లాసు తీసుకుని లోపలికెళ్ళింది. నేను చెప్పులేసుకుని బయటపడ్డాను. ఆ వీధిలో ఇంక ఏ తలుపూ తట్టలేదు.

అప్పుడు గుర్తొచ్చాయి రొయ్యల చెరువులు. ఊళ్ళో కుర్రాళ్ళు ఫ్యాక్టరీలకీ హైదరాబాదుకీ పోయాక చెరువుల మీద మేత వేయడానికీ, కాపలాకీ ఒరిస్సా నుంచి కుటుంబాలు వచ్చి రేకుల షెడ్లలో ఉంటున్నాయి. వెళ్ళి అడిగితే నలుగురు పిల్లలు దొరికారు. ముగ్గురు రెండేళ్ళుగా ఇక్కడే ఉన్నారు, తెలుగు వచ్చు. నాలుగో పిల్లకి ఏడెనిమిదేళ్ళుంటాయి. వాళ్ళు వచ్చి నెల కూడా కాలేదు. చెరువుల్లో గాలి కొట్టే ఏరేటర్ల చప్పుడులో తండ్రి ఆ పిల్ల పేరేదో చెప్పాడు. నాకు వినిపించినట్టు రాసుకున్నాను. రెండోసారి అడగలేదు. పదకొండు పదిహేనైందన్న సంతోషంలో ఉన్నాను.

హాజరు ఫోనులోనే. రోజూ పొద్దున ఒక్కొక్కరి ముఖం ఫోటో తీయాలి, పేరు పక్కన ఆకుపచ్చ గుర్తు పడాలి. ఆ పిల్లకి మొదటి వారంలోనే రెండు మాటలు నేర్పాను: "ప్రెజెంట్ టీచర్." తర్వాత కిటికీ పక్కన కూర్చోబెట్టాను. బోర్డు మీది తెలుగు అక్షరాలను ముగ్గులు దించినట్టు పలక మీదికి దించేది. నేను చూసి ఒక టిక్కు పెట్టేదాన్ని. మూడు నెలలు అలా గడిచాయి. ఒకటి రెండుసార్లు నా బల్ల దగ్గరికొచ్చి "పేట, పేట" అంది. వాళ్ళ పేట సంగతేదో చెబుతోందనుకుని, వెళ్ళి కూర్చోమని చెయ్యి ఊపాను. రెండు భాషలూ వచ్చిన ఆ ముగ్గురు పిల్లలనైనా అడగలేదు.

ఒక మధ్యాహ్నం పై అధికారి తనిఖీకి వచ్చారు. పిల్లలందరినీ చూసి నవ్వుతూ ఆ పిల్ల దగ్గర ఆగారు.

"నీ పేరేంటమ్మా?"

"ప్రెజెంట్ టీచర్."

పిల్లలు కిసుక్కున నవ్వారు. ఆయన పలక చేతిలోకి తీసుకున్నారు. "ఇది ఏ అక్షరం?"

"ప్రెజెంట్ టీచర్." ఈసారి ఇంకొంచెం గట్టిగా, నా వైపు చూస్తూ చెప్పింది. తప్పెక్కడో జరిగిందని ఆ కళ్ళకి తెలుస్తోంది. సాయం నా నుంచి వస్తుందనుకుంటోంది. నేను చాక్‌పీసు ముక్కలు సర్దుతున్నట్టు తల వంచుకున్నాను.

ఆయన కోప్పడి ఉంటే బాగుండేది. "కొత్తగా వచ్చింది కదా, నేర్చుకుంటుందిలెండి. మీ అటెండెన్స్ మాత్రం చాలా బాగుంది మేడమ్" అని సంతకం పెట్టి వెళ్ళిపోయారు.

అన్నం వడ్డించే ఆయా ఇదంతా గుమ్మంలో నిలబడి చూసింది. ఆయన జీపు కదిలాక లోపలికొచ్చింది.

"మేడమ్‌గారూ, ఒక మాటంటాను, ఏవనుకోకండే. ఆ పిల్ల రెండుసార్లు కడుపు నెప్పితో మెలికలు తిరిగిపోయిందండి. మీకు సెప్పింది గాని మీకు అర్దం కాలేదంట. పేట అంటే ఆళ్ళ బాసలో కడుపండి."

"నీకెలా తెలుసు?"

"సెయ్యి పట్టుకుని నా దగ్గరికొచ్చి సూపించిందండి. నేనే వాము నీళ్ళు పట్టేను. రోజూ ముకం పొటో తీత్తారు కదండి, ఒక్కసారైనా ఆ ముకం కేసి సూడాల్సిందండి."

బడి చదువు కూడా సరిగ్గా లేని మనిషి ఆవిడ.

మర్నాడు ఆ పిల్లను బల్ల దగ్గరికి పిలిచాను. రోజూ ఫోటో తీసే ఫోనులోనే, నేను తెలుగులో అంటే ఒరియాలో పలికే ఏర్పాటుంది. నాకు అప్పటిదాకా తట్టలేదు. తట్టించుకోలేదు అనడం నిజం. ఫోను వాళ్ళ భాషలో మాట్లాడగానే పిల్ల ఉలిక్కిపడింది. తర్వాత ఆపకుండా మాట్లాడింది. ఫోను సగమే పట్టుకోగలిగింది. ఆ సగంలో తెలిసింది: వాళ్ళ ఊళ్ళో రెండో తరగతి చదివింది, వాళ్ళ లిపి చదవడం బాగా వచ్చు, వాళ్ళ నాయనమ్మకు ఉత్తరాలు తనే చదివి పెట్టేది. చివర ఇంకో మాటంది. ఫోను దాన్ని తెలుగులో చెప్పింది: "టీచర్ పిలిచేది నా పేరు కాదు."

ఆ రోజు నుంచి బడి విడిచాక అరగంట దానితో కూర్చున్నాను. ఇరవై రోజుల్లో అచ్చులు, హల్లులు దిద్దించాను. తనే అక్షరం పక్కన అక్షరం పెట్టి "అల", "వల" అని చదివి, నా ముఖంలోకి చూసి నవ్వేది. మూడు నెలల ముందే మొదలుపెట్టాల్సిందని ఆ నవ్వు చూసినప్పుడల్లా అనిపించేది.

అంతలో చెరువుల్లో రొయ్యలకి వైరస్ తగిలింది. నీళ్ళు బయటికి వదిలేశారు, వాళ్ళకి పని పోయింది. ఒక పొద్దున తల్లి ఆ పిల్లను తీసుకుని బడికొచ్చింది. భీమవరం వైపు వెళ్ళిపోతున్నారట. "టీసీ" అన్న మాట ఎక్కడో నేర్చుకుంది, అదే మూడుసార్లు అంది.

పేరు మార్చాలంటే ఆఫీసుకి కాగితాలు వెళ్ళాలి. నేనింకా పంపలేదు. వాళ్ళ ఆటో బయట ఆగి ఉంది. రిజిస్టరులో ఉన్న ఆ తప్పు పేరుతోనే టీసీ రాశాను. చదువు దగ్గర "తృప్తికరం" అని రాసి సంతకం చేశాను. ఆ తల్లి కాగితాన్ని రెండు చేతులా అందుకుని కళ్ళకద్దుకుంది. ఆకులో చుట్టి తెచ్చిన పిండివంట నా బల్ల మీద పెట్టి, వంగి నా కాళ్ళకి దండం పెట్టబోయింది. నేను వెనక్కి జరిగాను. అది వినయమనుకుందేమో.

పేరు తప్పుందని చెప్పొచ్చు. ఫోను చేతిలోనే ఉంది. నేను చెప్పలేదు. భాష రాకపోవడం ఆ పూట నాకు కలిసొచ్చింది. పిల్ల ఆటోలోంచి చెయ్యి ఊపింది.

ఆ నలుగురి పుణ్యమా అని బడి ఆ ఏడాది నిలిచింది. నా పోస్టూ నిలిచింది. టీచర్ల సమావేశంలో నన్ను లేపి, బడిని కాపాడుకోవడమెలాగో మేడమ్‌ని చూసి నేర్చుకోవాలని చెప్పి శాలువా కప్పారు. రెండు మాటలు మాట్లాడమన్నారు. జరిగింది చెబుదామనే మైకు దగ్గరికి వెళ్ళాను. "అందరికీ ధన్యవాదాలు" అని వచ్చి కూర్చున్నాను.