ఇటలీ మెట్లు, నా ముక్కు

నా ముక్కు కొంచెం ఎడమ పక్కకి ఒరిగి ఉంటుంది. అడిగినవాళ్లకి మెట్ల మీద పడ్డానని చెబుతాను. మెల్‌బోర్న్ శివార్లలో, క్రెయిగీబర్న్‌లో మా వీధివాళ్లంతా నమ్మారు. చదునైన నేల మీద కూడా పడగల సమర్థుణ్ణని వాళ్లకి తెలుసు. ముక్కుసూటి మనిషినన్న పేరు నాకు ముందూ లేదు, ఇకమీదట వచ్చే వీలూ లేదు. అందుకని ఈ ఒక్కసారికి జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఆ రోజు కారులో ముగ్గురం. నేను, మా ఆవిడ, ఆవిడ తమ్ముడు. మా బావమరిది అంతకుముందు సిడ్నీలో, గిరావీన్‌లో భార్యతో ఉండేవాడు. ఆ అమ్మాయి వద్దనుకున్నాక ఒక సూట్‌కేసుతో వచ్చి మా వెనక గదిలో దిగాడు. ఆ ముందు వారమే విడాకుల కాగితాల మీద సంతకం పెట్టాడు. పౌరసత్వం పరీక్ష పాసై, ప్రమాణం చేయడానికి రమ్మనే ఉత్తరం కోసం కూడా ఎదురుచూస్తున్నాడు. అది వచ్చేలోగా ఏ పోలీసు కేసు మీద పడినా మంచి నడవడిక లేదని ఆపేస్తారని వాడి భయం. వందలో వెళ్లాల్సిన రోడ్డు మీద ఎనభైలో నడిపేవాడు. వెనక లారీవాళ్లు హారన్ కొడితే చెయ్యెత్తి దణ్ణం పెట్టేవాడు.

మా ఆవిడకి ఎప్పట్నించో ఇటలీ చూడాలని. మధ్యధరా సముద్రం మా మధ్యతరగతి ధరకి అందలేదు. మెల్‌బోర్న్‌కి గంటన్నర దూరంలో, బంగారం తవ్వకాల కాలంలో ఇటలీ కొండల నుంచి వచ్చినవాళ్లు కట్టుకున్న ఊరొకటి ఉందని తెలిసి, నకలుతో సరిపెట్టుకుందామని బయల్దేరాం. కొండవాలు మీద రాతి ఇళ్లు, వీధులకి బదులు మెట్లు, మెట్ల పక్కన ఆలివ్ చెట్లు. దూరం నుంచి చూస్తే ఎవరో ఊరిని అటక మీద సర్దినట్టుంది.

దారిలో వాడు పెట్రోలు కొట్టించడానికి దిగినప్పుడు మా ఆవిడ వెనక్కి తిరిగింది.

"ఏవండీ, వాడి పెళ్లి ఊసెత్తకండి. ప్లీజ్."

"జోకుగా కూడానా?"

"ముఖ్యంగా జోకుగా."

మా వైపు బావకీ బావమరిదికీ మధ్య ఏ మాటైనా చెల్లుతుంది. పెళ్లిలో వాడు నా చెప్పులు దాచాడు. ఆ వంకతో పదహారేళ్లుగా వాణ్ణి ఏడిపిస్తున్నాను. వాడు నవ్వాలి. కోపం వస్తే తప్పు వాడిదే, అదీ ఆట నియమం. దాయాది చావు కోరతాడు, బావమరిది బతుకు కోరతాడు అని సామెత కూడా ఉంది. ఆ సామెత చెప్పినవాళ్లు ఆ ఊరికి వెళ్లి ఉండరు.

కారు దిగీ దిగగానే ఒక మాగ్‌పై పక్షి నా నెత్తి మీద దిగింది. వసంతంలో గూళ్ల దగ్గరికి వచ్చినవాళ్లని ఆ పక్షులు పొడుస్తాయి. మొదటిసారి ముక్కుతో, రెండోసారి గోళ్లతో. నెత్తురు చెవి వెనక నుంచి కాలరులోకి కారింది. మా ఆవిడ టిష్యూ అద్దుతుంటే బావమరిది దూరంగా నిలబడి చెప్పాడు.

"దాని తప్పేం లేదు బావా. ఇల్లు కట్టుకోవడానికి ఖాళీ స్థలం చూసుకుంది."

బాగుంది. నాకు అంత బాగా తట్టనందుకు మండింది. బాకీ పడ్డాననుకున్నాను.

పై వరసలో ఒక ఇంటిని ఎనభై దాటిన ముసలాయన ఊరు చూడొచ్చినవాళ్లకి చూపిస్తున్నాడు. వాళ్ల ముత్తాత కట్టిన ఇల్లు. కింద నేలమాళిగలో దూలానికి ఇనప కొక్కేలు, గోడకి పొడుగు కర్ర సుత్తి. ఏడాదికోసారి పందిని ఇక్కడే చంపి సాసేజ్‌లు చేసేవాళ్లట. నుదుటి మీద ఒక్కటే దెబ్బ వేయాలి, గురి తప్పితే అది నెత్తురు కార్చుకుంటూ ఇల్లంతా పరిగెడుతుంది, పిల్లలు బల్లలెక్కేవాళ్లం అని చేతులు ఊపుతూ చెప్పాడు. "రెండో దెబ్బ వేయాల్సి వస్తే ఆ మనిషితో సాయంత్రందాకా ఎవరూ మాట్లాడేవాళ్లు కాదు," అన్నాడు. శాకాహారి అయిన మా ఆవిడ అప్పటికే బయటికి వెళ్లిపోయింది. నేను మాత్రం సుత్తిని ముట్టుకుని చూశాను.

ఇంటి వెనక బోచీ అనే బంతుల ఆట ఆడే చోటుంది. చుట్టూ పలక కొట్టిన కంకర నేల, దాని చివర కింది రోడ్డుకి దిగే రాతి మెట్లు. ఒక చిన్న బంతిని ముందు విసిరి, పెద్ద బంతుల్ని దానికి దగ్గరగా దొర్లించాలి. పెద్ద బంతి మారేడుకాయంత ఉంటుంది, కిలోకి కాస్త తక్కువ తూగుతుంది. చిన్నదాన్ని పల్లీనో అంటారని ముసలాయన చెప్పాడు. "పల్లీ వద్దనేవాడు మా ఇంట్లో ఎవడూ లేడు," అన్నాను. బావమరిది నవ్వాడు. అంతవరకూ బాగానే ఉంది.

వాడు వేసిన మూడు బంతులూ చిన్నదాన్ని దాటి పలకకి కొట్టుకున్నాయి.

"ఒరేయ్, దాని పక్కన నిలబడాలిరా, దాటిపోకూడదు. పెళ్లాం దగ్గరా ఇంతేనా?"

"ఏమన్నావు?" అన్నాడు. బావా అనలేదు.

అక్కడ ఆగాలి. కానీ రాసేవాళ్లకి ఒక జబ్బుంది. పేలని జోకుని మెరుగుపెట్టి మళ్లీ వదులుతాం. "ఇంకో రెండు వేశావంటే ఆ పల్లీ కూడా సంతకం పెట్టించుకుని సిడ్నీ పోతుంది," అన్నాను.

ముక్కు విరిగిన చప్పుడు బయటికి వినపడదు. లోపల వినపడుతుంది, పిడికిట్లో అప్పడం నలిగినట్టు. తర్వాతి దెబ్బ డొక్కలో తగిలింది. పలక కాలికడ్డం పడి ఇద్దరం మెట్ల మీదకి దొర్లాం. నాలుగు మెట్లు నా వీపుతో లెక్కపెట్టాను. వాడు నా ఛాతీ మీద కూర్చుని కొడుతున్నాడు, దెబ్బకొక ముక్క చొప్పున మాట్లాడుతున్నాడు.

"నవ్వాను కదా. పదహారేళ్లు. నవ్వుతూనే ఉన్నాను కదా."

నాకు కొట్టడం రాదు. యాభై ఏళ్లలో దోమల్ని తప్ప ఎవర్నీ కొట్టలేదు. అందుకని కొరికాను. వాడి ముంజేయి నోటికి అందింది, పళ్లు దిగేదాకా వదల్లేదు. ఆ ఉప్పు ఎవరి నెత్తురిదో తెలియలేదు. వాడు కేకపెట్టి పక్కకి ఒరిగి, మెట్టు మీద రెండు చేతులూ ఆనించి, నాకు వీపు చూపిస్తూ కక్కుకున్నాడు.

ఒక బంతి మాతోపాటే దొర్లి వచ్చినట్టుంది. నా చెయ్యి దాని మీద పడింది. లేచి నిలబడి దాన్ని ఎత్తాను. బెదిరించడానికి ఎత్తానని రాసుకోవచ్చు. కానీ ఎవర్ని బెదిరించడానికి? వాడు నన్ను చూడటమే లేదు. ఎక్కడ వేయాలో చూసుకున్నాను, చెవి వెనక. ఒక్క దెబ్బకే అవ్వాలి అని కూడా అనుకున్నాను.

"ఏవండీ."

మా ఆవిడ పై మెట్టు మీద ఉంది. అరవలేదు. స్టవ్ ఆపడం మర్చిపోయానని గుర్తుచేసే గొంతు. వాడు తల తిప్పాడు. ముందు నన్ను చూశాడు, తర్వాత బంతిని చూశాడు. నా వేళ్లు విడిపోయాయి. బంతి ఒక్కో మెట్టూ దిగుతూ రోడ్డుదాకా వెళ్లింది. ఆ చప్పుడు ఆగేదాకా ముగ్గురం కదల్లేదు.

ఎదురుగా ఉన్న కాఫీ కొట్టువాళ్లు ఫోను చేశారు. వచ్చిన పోలీసమ్మాయి మా మేనకోడళ్ల వయసుది. నేను చొక్కా ముక్కుకి ఒత్తుకుని కూర్చున్నాను. బావమరిది పిట్టగోడ మీద ఉన్నాడు. చొక్కా చెయ్యి కిందికి లాక్కుని గాయం కప్పుకున్నాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు, ఉన్నదంతా నా చొక్కా మీదే ఉంది. నేను ఒక్క మాటంటే వాడికి ఆ ఉత్తరం రాదు. అది వాడికీ తెలుసు.

"ఎవరు కొట్టారు?" అని అడిగింది.

"మెట్ల మీద పడ్డాను."

"రెండు కళ్లూ నల్లబడేలా?"

"చాలా మెట్లున్నాయి."

ఆమె వాడివైపు తిరిగి ఆ చెయ్యేమిటంది. వాడు చొక్కా చెయ్యి ఇంకాస్త కిందికి లాక్కున్నాడు. అప్పుడు తెలిసింది, కాపాడుతున్నది నేనొక్కణ్ణే కాదని. గుద్దినవాడి మీద ఒక కేసు, తల పగలగొట్టబోయినవాడి మీద ఇంకో కేసు. వాడు నన్నే చూస్తూ చెప్పాడు, "ఆయన పడుతుంటే పట్టుకున్నాను. పళ్లు తగిలాయి."

ముసలాయన్ని అడిగితే ఆలివ్‌లు చూసుకుంటున్నానన్నాడు. మా ఆవిడ్ని అడిగితే, "They're family," అంది. అది అవునూ కాదు, కాదూ కాదు. పోలీసమ్మాయి పుస్తకం మూసి, ఏమైనా గుర్తొస్తే చెప్పండని నంబరు ఇచ్చి వెళ్లింది. ముసలాయన రోడ్డు మీదకి వెళ్లి బంతి తెచ్చుకుని, చొక్కాకి తుడిచి పెట్టెలో పెట్టాడు. మాతో మాత్రం మాట్లాడలేదు.

వెనక్కి వచ్చేటప్పుడు కూడా వాడే నడిపాడు, ఎనభైలోనే.

ఆ వసంతం దాటకముందే ఉత్తరం వచ్చిందని రాస్తే అబద్ధం అవుతుంది. మరుసటి ఎండాకాలానికి గానీ రాలేదు. ఈలోగా వాణ్ణి నేను ఒక్క మాట అనలేదు. వాడు భోజనం దగ్గర ఉప్పు అడిగితే ఉప్పు గిన్నె జరిపాను. కౌన్సిల్ హాల్లో ప్రమాణం అయ్యాక మేయరుతో చెయ్యి కలిపినప్పుడు కఫ్ పైకి జరిగి నా పళ్ల వరస కనపడింది. పైనవి నాలుగు, కిందవి మూడు. కొత్త పౌరులందరికీ ఇచ్చినట్టే వాడికీ ఒక చిన్న మొక్క కుండీ ఇచ్చారు. అది పట్టుకుని వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

"ఏంటి బావా, ఏమీ అనడం మానేశావు?"

"టై బాగుంది."

"అక్క పిలవకపోయుంటే?" అని అడిగాడు.

జోకొకటి నాలిక చివరిదాకా వచ్చింది. మింగేశాను. "వేసేవాణ్ణి," అన్నాను.

వాడు తలూపాడు. "అనుకున్నాను," అని కుండీ నా ముందుకి చాచాడు. "పట్టుకో. ఫొటో దిగి వస్తా."

రెండు చేతులతో పట్టుకున్నాను.