చీనీ డ్రమ్ములో మట్టి

మణికొండలో మా ఫ్లాట్ బాల్కనీలో ఒక నీలం డ్రమ్ము, అందులో చీనీ చెట్టు, అదే బత్తాయి. నా భార్య నాటింది. ఆమె పోయి రెండేళ్ళయింది. వారంలో మూడు రోజులు హైటెక్ సిటీ ఆఫీసుకు పోతా, మిగతా రోజులు ఇంట్లో నేనూ, ఆ చెట్టూ.

పోయిన వానల్లో కాండం మీద బంక కారింది. అనంతపురం చీనీ తోటల్లో పెరిగినోణ్ణి, బంక కనబడితే బూజు తెగులని కాపర్ మందు కలిపి చెట్టు మొదలు దగ్గర పోసెయ్యడం మా చేతులకు అలవాటు. తోటలో ఏడాదికి ఒకటి రెండుసార్లు పోసేవాళ్ళం. నేనేమో ఆఫీసు బుద్ధితో ప్రతి శనివారం పది గంటలకు ఫోన్‌లో రిమైండర్ పెట్టుకున్నా. నిజం చెప్పాలంటే, శనివారం నా ఫోన్ మోగేది దానికొక్కదానికే.

బంక ఆగింది గానీ ఆకులు పసుపెక్కి రాలడం మొదలైంది. ఎరువేశా, ఇంకా రాలాయి. నాకసలే కోపమెక్కువ. మందు ఇంకో చెంచా పెంచా.

చివరికి మా అపార్ట్‌మెంట్లో మొక్కలు చూసే ఆమెను పిలిచా. పిడికెడు మట్టి తీసి వాసన చూసింది.

"ఏంది సార్ గిది, మట్టి వాసనే వస్తలేదు. ఏం పోస్తున్నరు?"

చెప్పా.

"వారం వారమా? ఇగ మట్టి ఏం బతుకుతది? అమ్మ మజ్జిగ నీళ్ళు పోస్తుండె, యాదికున్నదా?"

లేకేం. బూజు పడుతుందని ఆ మజ్జిగ మాన్పించడానికి నా భార్యతో పోట్లాడింది నేనే.

ఆ సాయంత్రం కూర్చుని చదివా. వేళ్ళను అంటిపెట్టుకుని కంటికి కనబడని బ్యాక్టీరియా ఉంటాయట. మట్టిలో ఉన్నదాన్ని వేరుకు పనికొచ్చేలా మార్చి ఇస్తాయట. కాపర్ మందు అతిగా పోస్తే బూజుతో పాటు వాటినీ చంపుతుంది. అవి పోతే ఎరువు ఎంత వేసినా చెట్టు పస్తే. ఆమె చెట్టును నా చేతులతో చంపుతున్నానని ఏడుపొచ్చింది.

మర్నాడు మొక్కలామె బకెట్ నిండా నల్లమట్టి తెచ్చింది. పై మట్టి తోడేసి వేళ్ళ చుట్టూ వేసింది. ఏ నర్సరీదని అడిగా.

"నర్సరీది కాదు సార్. కరివేపాకు పెట్టుకోనీకి అమ్మ గీ డ్రమ్ముల మట్టే నాకిచ్చింది. మా ఇంటికాడ మంచిగున్నది."

పిడికెడు తీసుకుని వాసన చూస్తూ చాలాసేపు అక్కడే కూర్చున్నా.

చిగురు ఇంకా రాలేదు. శనివారం పదికి ఫోన్ మోగింది. లేచి మజ్జిగ పలచగా కలిపి పోశా. నువ్వు చెప్పిందే నిజమని ఒప్పుకుందామంటే, ఆ మాట వినాల్సిన మనిషి లేదు.