టాబిథా కుట్టిన వరుస

అక్షరాలూ బొమ్మలూ కుట్టిన, చిమ్మెటలు తిన్న పాత గుడ్డల్లో కుట్టు కుట్టూ లెక్కపెట్టి, ఇప్పటివాళ్లు మళ్లీ కుట్టుకునేలా గళ్ల కాగితం మీద నమూనాలు గీయడం వినిఫ్రెడ్ పని. ఇంగ్లండ్‌లోని స్కిప్టన్‌లో ఆమెకు ముప్పై ఏళ్లుగా అదే బతుకు.

నమూనాలు అచ్చువేసే జెరాల్డ్ ఈసారి పంపిన గుడ్డ ఎలుక ఉచ్చ కంపు కొడుతోంది. నూట తొంభై ఏళ్ల కిందట అనాథాశ్రమంలో టాబిథా అనే తొమ్మిదేళ్ల పిల్ల కుట్టింది. అక్షరమాల కింద ఒక వరుస దారాలను ఎవరో పనిగట్టుకుని పీకేశారు. వినిఫ్రెడ్ భూతద్దం పెట్టి, మిగిలిన సూది రంధ్రాలను కూడబలుక్కుని చదివింది: "ఆశ్రమం అమ్మగారు నన్ను చీకటి గదిలో పెట్టారు."

ఆమె వెంటనే ఫోన్ తీసింది.

సంగతి చెబితే జెరాల్డ్ ఫోన్‌లో నవ్వాడు. "ఆ ఏడుపు ఎవరు కొంటారు తల్లీ? ఆ ఖాళీలో రెండు కుందేళ్లు గీసి పడెయ్!"

"వాళ్లు పీకేశారు, నువ్వు కప్పెడతావా? ఛీ! ఆ కుందేళ్లేవో నీ మొహాన కుట్టుకో!"

ఆ వరుసతో సహా నమూనా ఆమే అచ్చువేయించింది. ఏడాదిలో పద్నాలుగు మంది కొన్నారు. జెరాల్డ్ ఇంకొకరి చేత గీయించిన కుందేళ్లు మాత్రం బోలెడు అమ్ముడై, ఎవరో కుట్టిన పటంగా ఊళ్లో టీకొట్టు గోడ కూడా ఎక్కాయి. అవి కంటబడిన రోజు వినిఫ్రెడ్ కప్పు ముట్టకుండానే లేచి వచ్చేసింది.