మొక్కు పుంజు

మా ఊరు మద్రాసు నుంచి విడిపోయి కొత్త ఒరిస్సాలో కలిసిన మరుసటి ఏడు మా ఆయనకు విషజ్వరం వచ్చింది. ఇరవై రోజులు మంచం దిగలేదు. మా అత్త అమ్మవారికి ఒక పుంజును మొక్కుకుంది. ఆయన లేచి తిరిగారు. జాతర మాత్రం ఏడాది పైన ఉంది. అన్నాళ్లూ ఆ పుంజును మేపాల్సింది నేను.

పెరట్లో నాలుగు పెట్టలు ఉండేవి. అందులో నల్లది నాది, కన్నవారింటి నుంచి చంకలో పెట్టుకుని తెచ్చుకున్నది. పుంజుకు ఏం కన్ను కుట్టిందో, మిగతా మూడింటినీ వదిలేసి దీని వెంటే పడేది. గింజ ముట్టనిచ్చేది కాదు. వీపు మీద ఈకలన్నీ పీకేసి, పచ్చి మాంసం కనపడేలా పొడిచేది. రోజూ పొద్దున్నే ఆ గాయం మీద పసుపూ నూనే రాయడం నాకొక పనైపోయింది. ఆరేలోపు మళ్లీ పొడిచేది. ఇలాగే సాగితే నా పెట్ట బతకదని తెలిసిపోతూనే ఉంది.

ఒకరోజు విసుగొచ్చి పుంజును గంప కింద మూశాను. అత్త అంకులి ఊరెళ్లి తిరిగొచ్చి చూసింది.

"ఏటే అమ్మా, అమ్మోరి కోడిని మూసీసినావా? దానికి కట్టూ మూతా ఉండకూడదు. నీ మొగుడి పేణం దాని మీద ఉంది, సూసుకో."

"నా పెట్ట సచ్చిపోతాది, అత్తా."

"పెట్టని మూసీ."

అంతే. మొగుడి పేరెత్తాక తప్పుతుందా? గంప తీసుకెళ్లి పెట్ట మీద బోర్లించాను. తన్నింది బయట తిరుగుతూంటే తన్నులు తిన్నది లోపల కూర్చుంది. గంప సందుల్లోంచి నూకలు వేసేదాన్ని, చిప్పలో నీళ్లు పెట్టేదాన్ని. మూడు పూటలా వంట, చాకిరీ, దాని మధ్యలో ఇదొకటి. పుంజు మాత్రం గంప చుట్టూ కాపలా కాసేది. నాకు దాని మెడ విరిచెయ్యాలని ఎన్నిసార్లు అనిపించిందో! అమ్మవారు క్షమించాలి. పెట్ట గుడ్లు మానేసింది. తర్వాత కూత కూడా మానేసింది.

అలా పది నెలలు గడిచాయి.

జాతర రోజు పుంజుకు పసుపు నీళ్లు పోసి, బొట్టు పెట్టి, అత్తా నేనూ బరంపురం తీసుకెళ్లాం. పూజారి ముసలాయన. అత్త చేతిలోంచి పుంజును తీసుకుంటూ ఆమె ముంజేతుల మీద గోళ్ల గీతలు చూశాడు.

"ఇంత పొగరుబోతు కోడితో ఎలా ఏగినారమ్మా? గంప కింద మూసుకోలేకపోనారా?"

"మొక్కు కోడిని మూయకూడదు గదా, బాబూ," అంది అత్త.

"ఎవలు సెప్పినారు? అందరూ మూసే ఉంచుతారు. లేకపోతే నక్క ఎత్తుకుపోదా?" అని నవ్వి, వెనకవాళ్లను పిలిచాడు.

అత్త కొంగు సర్దుకుని పక్కకు తప్పుకుంది. ఎవరు చెప్పారో ఆమెకూ గుర్తు లేనట్టుంది. ఎండలో నాలుగు మైళ్లు నడిచి ఇంటికొచ్చాం.

నేరుగా పెరట్లోకి వెళ్లి గంప ఎత్తేశాను. పెట్ట లేవలేదు. గంప అంచు పడ్డ చోటుదాకా మెడ చాచి చూసి, మళ్లీ ముడుచుకుంది. చేత్తో లేపి బయట వదిలితే, నడిచి వచ్చి ఆ గుండ్రటి మచ్చలోనే కూర్చుంది.

అత్త ముఖం కూడా కడుక్కోకుండా గుప్పెడు బియ్యం తెచ్చింది. నూకలు కాదు, మేము తినే బియ్యం. నాలుగడుగుల దూరంలో కూలబడి, గింజలు జల్లుతూ, "రాయే తల్లీ, అది పోయింది, రాయే," అని పొద్దు వాలేదాకా పిలుస్తూనే ఉంది. నేను అరుగు మీద కూర్చుని చూస్తున్నాను. ఆమె మీద కోపం తెచ్చుకుందామనుకున్నాను గానీ, అందుకు కూడా నాలో ఓపిక మిగల్లేదు.